చెరువు గట్టు పక్కన వరి చేను: డెల్టా భూముల మార్పు, నీటి తీరు

సభకు నమస్కారం.

భీమవరం నుంచి ఆకివీడు, కైకలూరు మీదుగా కొల్లేరు వరకూ ఉన్న పల్లపు భూముల్లో నాలుగు దశాబ్దాలకు పైగా వరి చేలు చేపల, రొయ్యల చెరువులుగా మారుతూ వస్తున్నాయి. ఈ మార్పును ఎకరాకు ఎంత మిగిలిందన్న లెక్కతోనే మాట్లాడుకోవడం మనకు అలవాటు. నేను నీటి వైపు నుంచి మాట్లాడదలచాను. తన పొలంలో చెరువు తవ్వుకోవడం ఆ రైతు సొంత విషయమన్న మాట డెల్టాలో చెల్లదని నా గట్టి నమ్మకం.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ నేల కాలువ నీటి మీద బతుకుతోంది. సముద్రానికి దగ్గరి ఒండ్రు నేల కనుక చాలా చోట్ల కింది నీరు ఉప్పగానే ఉంటుంది. సార్వా (వానాకాలపు వరి), దాళ్వా (రెండో పంట వరి) కాలాల్లో నెలల తరబడి చేలో నిలిచే మంచినీరు మెల్లగా ఇంకుతూ ఆ ఉప్పును వేళ్లకు అందని లోతుకు నెడుతుంది. మిగులు నీరు మురుగు కాలువకు చేరుతూ మరికొంత ఉప్పును తీసుకుపోతుంది. పంట పండిస్తూనే వరి చేను నేలను కడుగుతూ వచ్చింది.

చెరువు గట్టును ఆనుకున్న చేలో ముందుగా పాడయ్యేది గట్టు వెంబడి రెండు మూడు బారల నేల. చెరువులో నీటి మట్టం చేను కంటే ఎత్తులో ఉండడంతో ఊట ఆగదు. కోతల నాటికీ తడి ఆరక కోత యంత్రం దిగబడుతుంది. ఉప్పునీటి రొయ్యల చెరువైతే వరి ఆకుల కొనలు మాడతాయి, వేసవిలో నేల మీద తెల్లని పొర తేలుతుంది, ఏటికేడు అది చేను లోపలికి జరుగుతుంది. నలువైపులా గట్లు లేచిన చేనుకు బోదె (పిల్ల కాలువ) నీరు అందదు, వాన నీరు బయటికి పోదు. చివరికి ఆ పొలమూ చెరువుకు లీజుకు వెళ్తుంది, దాన్ని నమ్ముకున్న కౌలు రైతుకూ నాట్లు వేసే ఆడవాళ్లకూ పని పోతుంది. ఇష్టపడి మారిన ఎకరం, గత్యంతరం లేక మారిన ఎకరం రికార్డుల్లో ఒకేలా కనిపిస్తాయి. నన్ను ఎక్కువగా బాధించే విషయం ఇదే.

చెరువులో చేపలు, రొయ్యల పట్టుబడి అయ్యాక వదిలే నీటిలో మిగిలిన మేత, విసర్జితాలు, మందులు ఉంటాయి. అవి మురుగు కాలువల్లో కలిసి, దిగువన ఆ నీటినే తోడుకునే చేలకూ చెరువులకూ చేరుతాయి.

బుడమేరు, తమ్మిలేరు వంటి వాగుల వరదను పట్టి ఉంచి, ఉప్పుటేరు గుండా నెమ్మదిగా సముద్రానికి వదలడం కొల్లేరు పని. 1999లో అయిదో కాంటూరు (సముద్ర మట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత) వరకూ 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో చెరువు గట్లను తొలగించారు. తర్వాత చాలా చోట్ల అవి మళ్లీ లేచాయి. సరస్సులో గట్టు కట్టిన ప్రతి చోటా వరద నీరు పరుచుకునే జాగా తగ్గుతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు దిగువకు వచ్చేదీ ఈ కొల్లేటికే.

వరిలో గిట్టుబాటు లేకనే రైతులు ఇటు తిరిగారన్నది నిజం, వారిని తప్పుపట్టడం న్యాయం కాదు. అయితే వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న చెప్పిన తీర్పు మన ముందుంది. ఇప్పటికే ఉన్న చెరువుల విషయంలో, గట్టుకూ పక్క చేనుకూ నడుమ ఊట కాలువ తవ్వించడం, చెరువు నీటిని శుద్ధి చేయకుండా డ్రెయిన్‌లోకి వదలనీయకపోవడం తప్పనిసరి కావాలి. కొత్త చెరువుకు అనుమతి ఇచ్చే ముందు సరిహద్దు రైతులను, కౌలుదార్లతో సహా, గ్రామసభలో పిలిచి అడగాలి. వారి చేలలో ఉప్పు శాతాన్ని ఏటా సార్వాకు ముందు కొలిచి, ఆ అంకెలను పంచాయతీ గోడ మీద రాయించాలి.