చెక్కు నకిలీదైతే తెచ్చినవాడు దొంగేనా?

(జాతీయ వినియోగదారుల దినోత్సవ సభలో ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పుకోవాలి గానీ, భోజనాల వేళకి ముగించమని ఇందాకే నా చెవిలో వేశారు. శాలువాలు కప్పడానికే పావుగంట పట్టింది మరి.

1986లో ఇదే డిసెంబర్ 24న వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చింది కాబట్టి ఏటా ఈ రోజున సభ పెట్టుకుంటున్నాం. కరపత్రంలో నా పేరు పక్కన 'డిజిటల్ లావాదేవీలు, జాగ్రత్తలు' అని వేశారు. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. ఆ విషయం అయిపోయింది. మిగిలిన టైములో చెక్కుల గురించి మాట్లాడతాను. ఇప్పుడు చెక్కులు ఎవరు వాడుతున్నారండీ అని ముందు వరసలో ఎవరో నవ్వుతున్నారు. ట్రాక్టరు అమ్మినవాడు వాడతాడు, స్థలం అమ్మినవాడు వాడతాడు. పెద్ద మొత్తం చేతులు మారే చోట చెక్కు ఇంకా బతికే ఉంది.

నేను రిటైరవడానికి కొంత ముందు, మా బ్రాంచిలో జరిగింది చెబుతాను. బ్యాంకు పేరూ, ఊరి పేరూ అడక్కండి. ఒక మిర్చి రైతు పాత ట్రాక్టరు, ట్రక్కు కలిపి అమ్మాడు. మధ్యవర్తి తెచ్చిన బేరం. కొన్నవాడు ఒక కంపెనీ చెక్కు ఇచ్చాడు, 3 లక్షల 40 వేలకి. ఈయన దాన్ని చొక్కా జేబులో మడవకుండా పుస్తకంలో పెట్టుకుని మా బ్రాంచికి వచ్చి, కౌంటర్లో 'ఇది మంచి చెక్కేనా బాబూ?' అని అడిగాడు. ఆ మాట గుర్తు పెట్టుకోండి. కౌంటర్లో ఉన్న కుర్రాడు 'వేసి చూద్దాం పెద్దాయనా, పాసైతే మంచిదే' అన్నాడు.

పాసైంది. డబ్బు పడింది. ఆ డబ్బుతో మా దగ్గరే తాకట్టులో ఉన్న బంగారం విడిపించుకున్నాడు. వడ్డీతో సహా కట్టించుకుని రసీదు ఇచ్చాం.

కొన్ని వారాల తర్వాత డబ్బు చెల్లించిన బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. అది క్లోనింగ్ చెక్కట. అదే నంబరు గల అసలు చెక్కు కాగితం ఆ కంపెనీ బీరువాలో, చెక్కుబుక్కులో అలాగే ఉందట. మా మేనేజరు ఏం చేశాడంటే, ముందు రైతు ఖాతా మొత్తం లీన్‌లో పెట్టేశాడు, అంటే అందులోంచి డబ్బు తీయకుండా ఆపేశాడు. పంట రుణం, పింఛను, గ్యాసు సబ్సిడీ అన్నీ ఆగిపోయాయి. తర్వాత రైతుకి ఫోన్ చేసి 'లోన్ రెన్యువల్ ఉంది, రండి' అన్నాడు. ఆయన పట్టాదారు పాసుపుస్తకం పట్టుకుని వచ్చాడు. వచ్చేసరికి కానిస్టేబుల్ ఉన్నాడు.

క్యాష్ కౌంటర్ ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చోబెట్టారు. పొద్దున నుంచి సాయంత్రం దాకా. ఆ రోజు పింఛన్ల రోజు. ఊరంతా వచ్చింది, ఊరంతా చూసింది. నేను క్యాష్ క్యాబిన్లో ఉన్నాను కాబట్టి ఆయన ముఖం నాకు ఎదురుగానే ఉంది. మధ్యాహ్నం లోపలికి వెళ్లి మేనేజరుతో గట్టిగానే మాట్లాడాను. 'యూనియన్ మాటలు మాట్లాడకండి' అన్నాడు. తన తప్పేమిటో కాగితం మీద రాసివ్వమని రైతు అడిగితే 'నీకెందుకయ్యా కాగితం' అన్నారు.

కేసు ఏమీ పెట్టలేదు. రాత్రికి స్టేషన్ నుంచి పంపేశారు. కానీ ఊళ్లో 'బ్యాంకులో పట్టుకున్నారట' అనే మాట మిగిలింది. ఆయన ఖాతా పక్క ఊరి బ్యాంకుకి మార్చుకున్నాడు. అక్కడికి రెండు బస్సులు మారాలి.

ఇక్కడ బ్యాంకు వాళ్లు ఎవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి. సిగ్గుపడకండి, నేనూ మీవాణ్నే. మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ చెక్కు మంచిదో కాదో చూడాల్సింది ఎవరు?

చెక్కుల వ్యవహారాలు చూసే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 131వ సెక్షన్ ఉంది. దానికి 2002 సవరణలో ఒక వివరణ చేర్చారు. చెక్కు కాగితాన్ని తన దగ్గర ఉంచుకుని బొమ్మ మాత్రమే పంపి డబ్బు రాబట్టే బ్యాంకు, ఆ కాగితం పైకి సవ్యంగా ఉందో లేదో, మామూలు శ్రద్ధతో కనిపెట్టగల మోసం ఏదైనా ఉందో చూడాలి. అది దాని బాధ్యత అని రాశారు. కాగితం ఎవరి దగ్గర ఉంది? మా దగ్గర. చెల్లించే బ్యాంకుకి కనిపించేది స్కాన్ చేసిన బొమ్మే. ఇలా బొమ్మ పంపే పద్ధతినే సీటీఎస్ అంటారు. ఆ సీటీఎస్ చెక్కుని వెలుతురుకి పట్టి చూస్తే కాగితంలోనే 'సీటీఎస్ ఇండియా' అనే వాటర్‌మార్క్ కనబడాలి. యూవీ లాంప్, అంటే అతినీలలోహిత దీపం కింద బ్యాంకు గుర్తు మెరవాలి. 2 లక్షలు దాటిన చెక్కుని ఆ లాంప్ కింద చూడమని, 5 లక్షలు దాటితే ఒకరికి మించి తనిఖీ చేయమని రిజర్వు బ్యాంకు 2014 నవంబర్లోనే చెప్పింది. లాంప్ ఉన్నది బ్యాంకులో. రైతు ఇంట్లో ఉంటుందా? ఆయన మమ్మల్ని అడిగింది సరిగ్గా ఆ పని చేయమనే కదా!

మేనేజర్ల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. వాళ్ల భయం నాకు తెలుసు. ఆడిట్ వాళ్లు వస్తారు, 'స్టాఫ్ అకౌంటబిలిటీ' అంటారు, అంటే ఏ ఉద్యోగిది తప్పో తేల్చాలంటారు, ప్రమోషన్ ముందు ఒక మెమో చాలు. నేను వెంటనే పోలీసులకి చెప్పాను అని ఫైల్లో ఒక ముక్క ఉంటే రాత్రి నిద్ర పడుతుంది. కానీ క్లియరింగ్‌లో, అంటే ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి చెల్లింపు కోసం వచ్చిన నకిలీ చెక్కు మీద మోసం అని రిపోర్టు చేయాల్సింది చెల్లించిన బ్యాంకు. చెక్కు వేయించుకున్న బ్యాంకు చేయాల్సింది, అడగ్గానే అసలు కాగితం వాళ్లకి అప్పగించడం. ఇది రిజర్వు బ్యాంకు ఆదేశాల్లో ఉన్న మాటే, నా సొంత కవిత్వం కాదు. చెల్లించే బ్యాంకు నుంచి డబ్బు రాకముందే మనం కస్టమర్‌కి ఇచ్చేసి ఉంటే, అప్పుడు మన తలనొప్పి వేరు.

నోట్ల సంగతి చూడండి. నేను జీవితమంతా నోట్లు లెక్కపెట్టినవాణ్ని. కౌంటర్లో దొంగనోటు దొరికితే దాని మీద ముద్ర వేసి, తెచ్చిన మనిషికి రసీదు ఇవ్వాలి. ఆయన సంతకం పెట్టనన్నా ఇవ్వాలి. ఒకే లావాదేవీలో నాలుగు నోట్ల దాకా అయితే నెలాఖరున అన్నీ కలిపి పోలీసులకి ఒక నివేదిక పంపితే చాలు. అయిదు, ఆపైన అయితేనే ఎఫ్ఐఆర్. అంటే ఆ రూలు రాసినవాళ్లు, తెచ్చినవాడు తెలియక తెచ్చి ఉండొచ్చని ముందే ఊహించారు.

2001లో సుప్రీంకోర్టు ఉమాశంకర్ కేసులో ఇదే చెప్పింది. ఛత్తీస్‌గఢ్ కుర్రాడు, 100 రూపాయల నోటు ఇచ్చి కిలో మామిడిపళ్లు కొనబోయాడు. నోటు నకిలీది. కింది కోర్టుల్లో శిక్ష పడింది. నకిలీదని తెలిసి వాడాడని రుజువు చేయకుండా శిక్ష ఎలా వేస్తారని సుప్రీంకోర్టు విడిచిపెట్టింది. ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 180వ సెక్షన్లో కూడా, నోటు న్యాయమైన దారిలోనే తన చేతికి వచ్చిందని చూపించగలిగితే అది నేరం కాదని రాశారు.

ఆన్‌లైన్ మోసాలకీ ఒక పద్ధతి ఉంది. 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ప్రకారం తప్పు బ్యాంకుదీ కాదు, కస్టమర్‌దీ కాదు, మధ్యలో ఇంకెక్కడో జరిగిందంటే, లావాదేవీ జరిగిందని బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో బ్యాంకుకి చెప్పినవాడి మీద నష్టం పడదు. కస్టమర్‌దే తప్పు అని రుజువు చేయాల్సిన భారం బ్యాంకు మీదే. కానీ అది ఎలక్ట్రానిక్ లావాదేవీలకే. నోటుకి రసీదు ఉంది, ఫోనుకి సర్క్యులర్ ఉంది. చెక్కు తెచ్చిన మనిషికి మాత్రం బెంచీ ఉంది.

డబ్బు తిరిగి అడగొద్దని నేను అనడం లేదు. కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ ప్రకారం పొరపాటున అందిన డబ్బు తిరిగి ఇవ్వాల్సిందే. అడగండి. నోటీసు ఇచ్చి అడగండి, వాయిదాలు ఇవ్వండి. లీన్ పెడితే ఆ మొత్తానికే పెట్టండి, పింఛను జోలికి వెళ్లకండి. లోపల గదిలో కూర్చోబెట్టి, ఎవరిచ్చారు, మధ్యవర్తి ఎవరు, ట్రాక్టరు కాగితాలు ఎవరి పేరున మారాయి అని అడగండి. దొంగకి వెళ్లే దారి ఆ మనిషి దగ్గరే మొదలవుతుంది. ఆయన్ని అవమానిస్తే ఆ దారి మూసుకుపోతుంది. మా రైతు దగ్గర కొన్నవాడి ఫోన్ నంబరు ఉందని సాయంత్రం దాకా ఎవరూ అడగలేదు!

దొంగలతో కుమ్మక్కయ్యేవాళ్లు లేరా అంటారు. ఉన్నారు. నిన్నగాక మొన్న తెరిచిన ఖాతా, డబ్బు పడిన గంటకే మూడు ఏటీఎంలలో డ్రా, ఫోన్ స్విచాఫ్. వాణ్ని పట్టుకోండి, నేనూ వస్తాను. ఇరవై ఏళ్ల పంట రుణం ఖాతా ఉండి, ఫోన్ చేస్తే పాసుపుస్తకం పట్టుకుని వచ్చే మనిషికీ వాడికీ తేడా తెలియనివాడు బ్రాంచి ఎలా నడుపుతాడు?

చీటీ అందింది, ముగిస్తున్నాను. ఒక్క నిమిషం. చెక్కులు రాసే వ్యాపారులు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. 2021 జనవరి 1 నుంచి పాజిటివ్ పే ఉంది. 50 వేలు, ఆపైన రాసినప్పుడు చెక్కు నంబరు, తేదీ, పేరు, మొత్తం మీ బ్యాంకుకి ముందే చెప్పొచ్చు. బద్ధకించకండి. ఆ కంపెనీ కాలంలో అది లేదు, మీకు ఉంది.

కలెక్టర్ గారి అధ్యక్షతన బ్యాంకర్ల కమిటీ సమావేశం జరుగుతుంది కదా, అందులో పెట్టడానికి ఒక వినతిపత్రం రాసుకొచ్చాను. నకిలీ చెక్కు వేసిన కస్టమర్‌కి రాతపూర్వక నోటీసు, రసీదు ఇవ్వాలని, విచారణ జనం ముందు కాకుండా గదిలో జరగాలని, ఖాతా మొత్తం ఆపకూడదని అందులో ఉంది. అధ్యక్షుల వారికి ఇస్తున్నాను. ఇందాక చెయ్యెత్తిన బ్యాంకు మిత్రులు ముందు సంతకం పెడితే మాకు బలం. భోజనాలకి వెళ్లే దారిలోనే బల్ల వేయించాను, పెన్నులు అక్కడే ఉన్నాయి.