కుడివైపు తిరగనన్న కారు: ఆర్‌సీ టూరింగ్ రేసర్ల సమావేశంలో ప్రసంగం

అధ్యక్షులకు, నిర్వాహకులకు, ట్రాక్ ఊడ్చి గీతలు సరిచేసిన కార్యకర్తలకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే ఎవరో ఒకరు మిగిలిపోతారు, ఆ తర్వాత ఏడాదంతా నన్ను మలుపుల్లో గోడకు నెడతారు. అందుకని అందరికీ కలిపి ఒకే దండం.

నాకిచ్చిన అంశం ఆర్‌సీ, అంటే రేడియో రిమోటుతో నడిచే చిన్న టూరింగ్ కారు అప్‌గ్రేడ్‌లు: ఏవి కొనాలి, ఏ వరుసలో కొనాలి. కరపత్రంలో అలాగే వేశారు. జాబితా రాసుకొచ్చాను, ముందు అది చదివేస్తాను. అసలు చెప్పాలని వచ్చింది వేరే.

కొత్తగా వచ్చినవారి చేతిలో సాధారణంగా జపాన్ కంపెనీ టమియా వారి టీటీ-02 లాంటి ప్రారంభ స్థాయి కిట్ ఉంటుంది. అది 2013లో వచ్చింది, ఇప్పటికీ ఎంతోమందికి మొదటి కారు అదే. అందులో చక్రాల దగ్గర ఇరుసు తిరగడానికి ప్లాస్టిక్ బుష్‌లు, అంటే ఉత్త గొట్టపు ముక్కలు ఉంటాయి. వాటిని తీసేసి బాల్ బేరింగులు వేయండి. ఖర్చు పెట్టే మొదటి రూపాయి అక్కడే పెట్టాలి. కిట్‌తో వచ్చే షాకుల్లో, అంటే కుదుపులు తట్టుకునే షాక్ అబ్జార్బర్లలో నూనె ఉండదు, ఉత్త స్ప్రింగు, రాపిడి, అంతే. వాటి స్థానంలో నూనె నింపే షాకులు. ఆపైన పొడవు మార్చుకునే పై లింకులు, కాంబర్, అంటే చక్రం లోపలికో బయటికో వాలే కోణం, మన చేతిలోకి రావడానికి. మీ క్లబ్బు అనుమతించిన టైర్లు. వీలైతే మంచి సర్వో, అంటే ముందు చక్రాలను తిప్పే చిన్న మోటారు. జాబితా అయిపోయింది. కార్బన్ ఛాసిస్, బెల్టు డ్రైవు ఉన్న పోటీ కారు కొన్నవారికి బేరింగులు, నూనె షాకులు, లింకులు పెట్టెలోనే వస్తాయి కాబట్టి వారు టైర్లు, సర్వో చూసుకుంటే చాలు.

మరి జాబితా ఇంత చిన్నదైతే, పిట్‌లో, అంటే కార్లు సర్దుకునే చోట, బల్లల మీద ఆ నీలం, ఎరుపు అల్యూమినియం మెరుపులు ఎక్కడివి? అక్కడికే వస్తున్నాను.

ఈ క్రీడ పుట్టుకలోనే ఒక చమత్కారం ఉంది. 1990ల ఆరంభంలో టమియా తెచ్చిన టీఏ01 ఛాసిస్ మట్టిలో పరుగెత్తే మాంటా రే బగ్గీ నుంచి వచ్చింది. దుమ్ములో దూకే కారును కిందికి దించి, రోడ్డు టైర్లు తొడిగి, దాని మీద సెలూన్ కారు బాడీ పెట్టారు. అంటే మన తరగతి మొదలైందే ఉన్నదాన్ని సర్దుకోవడంతో. ఇప్పుడు పదో వంతు సైజులో, 190 మిల్లీమీటర్ల వెడల్పుతో, నిబంధనలను బట్టి 1,320, 1,350 గ్రాముల దగ్గర తూగే ఈ కారులో కాంబర్ నుంచి రోల్ సెంటర్, అంటే మలుపులో కారు పక్కకు ఒరిగే కేంద్రం వరకు మార్చలేనిది లేదు. అన్నీ మార్చవచ్చు కనుక అన్నీ మార్చేస్తున్నాం. రోగం అది.

ఒక కుర్రవాడి సంగతి చెబుతాను. పేరు చెప్పను, ఈ హాల్లోనే ఉన్నాడేమో కూడా చెప్పను. అతని కారు ఎడమవైపు మలుపుల్లో తోక విసిరేది, కుడివైపు మలుపుల్లో ముక్కు తిరిగేది కాదు. 17.5 టర్న్ మోటారు, అంటే లోపలి తీగ అన్ని చుట్లు చుట్టిన మోటారు, బ్లింకీ తరగతి. స్పీడ్ కంట్రోలరు తనంతట తాను మోటారు టైమింగ్, అంటే తీగచుట్లకు కరెంటు ఎంత ముందుగా అందాలన్నది పెంచకూడదు, ఆ సంగతి తెలియడానికి దాని దీపం మిణుకుమిణుకుమంటూ ఉండాలి, అదే ఆ తరగతి. అంటే మోటారు బలంతో గెలిచే అవకాశం తక్కువ, మలుపులో నిలకడతోనే గెలవాలి. పిట్‌లో సలహాలకు కొరత లేదు కదా! ఒకాయన సర్వో బలహీనంగా ఉందన్నారు. కొన్నాడు. ఇంకొకాయన ముందు స్ప్రింగులు మెత్తవి వేయమన్నారు. వేశాడు. మూడో ఆయన అల్యూమినియం స్టీరింగు సెట్ పెట్టనిదే లాభం లేదన్నారు. అదీ కొన్నాడు. నాలుగో ఆయన బాడీని మూడు మిల్లీమీటర్లు ముందుకు జరపమన్నారు. ఈయన సలహా ఉచితం గనుక ఈయనను క్షమిద్దాం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, ఇది ముఖ్యం. కొత్త భాగం వేసిన ప్రతిసారీ కారు కాస్త మారేది. ఎందుకు మారింది? ఏ భాగం మార్చాలన్నా కారు విప్పాలి, మళ్ళీ బిగించాలి. విప్పి బిగించినప్పుడు పై డెక్, అంటే ఛాసిస్ పైపలక, స్క్రూలు మరో రకంగా కూర్చుంటాయి, ఛాసిస్ మెలిక మారుతుంది. ఆ మార్పును అతను కొత్త భాగం ఖాతాలో వేసుకునేవాడు. "బాగుపడింది సార్" అనేవాడు. రెండో క్వాలిఫయింగ్‌కల్లా మళ్ళీ మొదటికి వచ్చేది. అప్పుడు మరో భాగం. దుకాణాలు నడిచేది ఇలాగే. దుకాణాలను నేను తప్పుపట్టను, వాళ్ళు అమ్ముతారు, మనం ఆలోచించాలి.

నేను చేసింది చెబుతాను. చదునైన బల్ల మీద కారు పెట్టాను. బాడీ తీశాను, బ్యాటరీ దాని చోటునే ఉంచాను. షాకులు సర్దుకోవడానికి ముందు వెనక రెండుసార్లు నొక్కి వదిలాను. చిన్న స్క్రూడ్రైవరు మొనను ముందు భాగం కింద, సరిగ్గా మధ్య గీత మీద ఆనించి మెల్లగా ఎత్తాను. రెండు ముందు చక్రాలూ ఒకేసారి బల్లను వదలాలి. కుడి చక్రం ముందే లేచింది, ఎడమది ఇంకా బల్లకు అంటుకునే ఉంది. మనం ట్వీక్ అనేది ఇదే, ఎడమ కుడి చక్రాల మీద బరువు సమానంగా లేకపోవడం. తర్వాత ముందు యాంటీ రోల్ బార్, అంటే కారు ఒరగకుండా ఎడమ కుడి చక్రాలను కలిపే కడ్డీ, దాని లింకులు రెండూ ఊడదీసి మళ్ళీ ఎత్తాను. ఈసారి రెండు చక్రాలూ కలిసే లేచాయి. అంటే ఛాసిస్ తిన్నగానే ఉంది, స్ప్రింగులు సమానమే, తగువంతా బార్ దగ్గర. లింకులు రెంటినీ పక్కపక్కన పట్టి చూస్తే ఎడమది దాదాపు ఒక మిల్లీమీటరు పొడవు. ఆ మిల్లీమీటరు ఎడమ చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ చేతిని నిరంతరం కిందికి నొక్కుతోంది. ఎడమ ముందు టైరు మీద, దానికి ఎదురు మూలన కుడి వెనక టైరు మీద బరువు ఎక్కువైంది. కుడికి తిరిగేటప్పుడు బయటి వైపు ముందు టైరు అదే కాబట్టి దాని మీద మోయలేనంత భారం పడి ముక్కు జారింది. ఎడమకు తిరిగేటప్పుడు అదే కథ వెనక చక్రానికి. లింకు చివర ఉండే కప్పును రెండు చుట్లు లోపలికి తిప్పాను. ఖర్చు సున్నా.

సర్వో, స్ప్రింగులు, అల్యూమినియం స్టీరింగు ఆ కారులోనే ఉండిపోయాయి. పాపం, కొన్నాడు కదా.

నేను అల్యూమినియానికి శత్రువును కాను. బిగుతు అవసరమైన చోట దానికి సాటి లేదు. కానీ ప్లాస్టిక్ సస్పెన్షన్ చేయి గోడకు తగిలితే వంగి మళ్ళీ యథాస్థానానికి వస్తుంది, లేదా విరుగుతుంది. విరిగితే కనిపిస్తుంది. అల్యూమినియం భాగం అర డిగ్రీ వంగి అలాగే ఉండిపోతుంది, మెరుస్తూనే ఉంటుంది. మీరు కాంబర్ గేజ్ పెట్టేదాకా అది మీకు చెప్పదు. పైగా తాను తట్టుకున్న దెబ్బను పక్క భాగానికి పంపుతుంది.

ఇక షాకులు. నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు, చూశాను. అయినా షాకుల గురించి చెప్పకుండా దిగను.

నాలుగు షాకులు కట్టడమంటే నూనె పోసి మూత పెట్టడం కాదు. మన కార్లలో ఎక్కువగా 350 నుంచి 500 సీఎస్‌టీ (నూనె చిక్కదనం కొలత) మధ్య సిలికాన్ నూనె వాడతాం. ఏ అంకె అన్నదానికంటే రెండు పక్కలా ఒకేలా ఉండడం ముఖ్యం. పిస్టన్‌ను కిందికి లాగి ఉంచి, నూనె నింపి, మెల్లగా పైకీ కిందికీ ఆడించండి. పిస్టన్ రంధ్రాల కింద దాక్కున్న బుడగలు ఒక్కొక్కటే పైకి వస్తాయి. అప్పుడు దాన్ని నిలబెట్టి వదిలేయండి. తొందరపడకండి. ఫోను చూసుకోండి, పక్కవాడి కారు విమర్శించండి, ఏదైనా చేయండి, బుడగలు పూర్తిగా పోయేదాకా మూత జోలికి పోకండి. మూత బిగించాక షాఫ్టును లోపలికి నొక్కి వదిలితే ఎంతవరకు బయటకు వస్తుందో చూడండి. అది రీబౌండ్. జతలో రెండూ ఒకే దూరం, ఒకే వేగంతో రావాలి. చెవి దగ్గర పెట్టుకుని కదపండి. లోపల పిచికారీ చప్పుడు వినిపిస్తే గాలి ఉన్నట్టే, మళ్ళీ విప్పాలి. తర్వాత రెంటి పొడవూ క్యాలిపర్‌తో కొలవండి, షాకు చివరి కప్పు అర చుట్టు తేడాగా బిగిసినా డ్రూప్, అంటే చక్రం కిందికి వేలాడే దూరం, మారుతుంది. ఈ గదిలో ఉన్న కార్లలో ఎన్నింటి షాకులు జతగా ఉన్నాయి? చేతులు ఎత్తమని అడగను, భోజనాల వేళ గొడవ ఎందుకు.

గేర్లు ఎలా ఎంచుకోవాలని ముందు వరుస నుంచి చీటీ వచ్చింది. స్పర్, అంటే పెద్ద పళ్ళచక్రం, 96 పళ్ళు, పినియన్, అంటే మోటారుకు ఉండే చిన్నది, 40 పళ్ళు, కారు లోపలి నిష్పత్తి 1.9 అయితే మొత్తం 4.56, అంటే చక్రం ఒక చుట్టుకు మోటారు అన్ని చుట్లు. పినియన్ 41 వేస్తే 4.45. వేగం పెరుగుతుంది, మోటారుకు శ్రమా పెరుగుతుంది. పరుగు ముగియగానే మోటారు వేడి చూడండి, 80 డిగ్రీలకు చేరుతోందంటే ఆ పినియన్ మీది కాదు. మోటారు వెనక మూత తిప్పి టైమింగ్ పెంచేవారికీ ఇదే మాట. వేడెక్కిన మోటారు చివరి నిమిషంలో మందగిస్తుంది, ఆ చివరి నిమిషంలోనే వెనకవాడు మిమ్మల్ని దాటుతాడు.

అసలు లెక్క వేయండి. అయిదు నిమిషాల రేసు, ల్యాప్ పదిహేను సెకన్లు అనుకుంటే ఇరవై ల్యాపులు. కొత్త భాగం పుణ్యమా అని ల్యాపుకు పదో వంతు సెకను ఆదా అయిందే అనుకుందాం, మొత్తం రెండు సెకన్లు. ఒక్కసారి బోర్లా పడి మార్షల్ వచ్చి కారు తిప్పి పెట్టేసరికి అంతకంటే ఎక్కువే పోతుంది. ట్రాన్స్‌పాండర్, అంటే కారులో ఉండి ల్యాప్ సమయం నమోదు చేయించే పరికరం, ఇచ్చిన కాగితం మీద అందరూ అత్యుత్తమ ల్యాప్ ఒక్కటే చూసి మురుస్తారు. ఇరవై ల్యాపుల మధ్య తేడా చూసేవారు అరుదు.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. దీనికోసమే ఈ మైకు ఒప్పుకున్నాను.

సెటప్ షీట్లు, అంటే కారు సర్దుబాట్లన్నీ రాసిన కాగితాలు. ఛాంపియన్‌ది అని ఒక కాగితం చేతులు మారుతుంది. నేల నుంచి ఛాసిస్ ఎత్తు, అదే రైడ్ హైట్, ముందు 5.2 మిల్లీమీటర్లు, వెనక 5.4, వెనక చక్రాలు లోపలికి తిరిగిన కోణం, అదే టో ఇన్, మూడు డిగ్రీలు, కాంబర్ మైనస్ రెండు, ముందు రెండు చక్రాలనూ కలిపి తిప్పే స్పూల్, వెనక రెండు చక్రాలూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫ్‌లో ఇన్ని వేల సీఎస్‌టీ నూనె. అంతా ఉంటుంది. ఏ టైరు? రాయలేదు. కార్పెట్టా, తారా? రాయలేదు. ఉపరితలం ఎంత వేడిగా ఉంది? రాయలేదు. పట్టు కోసం టైర్లకు ఏ ద్రవం పూశారు, ఎంతసేపు ఉంచారు, టైర్లను వేడిచేసే వార్మర్లు వాడారా? ఆ గడులన్నీ ఖాళీ. కారులో నేలను తాకేది టైరొక్కటే, దాని సంగతి లేని షీటు పరాయివాళ్ళ కళ్ళజోడు లాంటిది, పెట్టుకుంటే తలనొప్పి ఖాయం. ఉదయం చల్లగా ఉన్న తారు మీద అద్భుతంగా తిరిగిన కారు మధ్యాహ్నం ఎండకు అదే మలుపులో బోర్లా పడుతుంది. పట్టు పెరిగింది, కారు జారకుండా తిరగబడింది. మారింది కారు కాదు, నేల.

ఆ గడులు కొందరు కావాలనే ఖాళీగా వదులుతారు. నేను మొహమాటపడను. నేను రేసులు మొదలుపెట్టిన రోజుల్లో ఒక పెద్ద రేసరు తన షీటు నాకు చేతికిచ్చి, ముఖ్యమైన రెండు అంకెలు మార్చి ఇచ్చారు. నవ్వుతూ ఇచ్చారు. ఆయన పేరు ఇక్కడ అనవసరం. కొత్తవాడిని ఓడించడానికి అంత శ్రమ ఎందుకు? వాడు ఎలాగూ ఓడిపోయేవాడే!

అంచేత అధ్యక్షులవారి ముందు రెండు ప్రతిపాదనలు పెడుతున్నాను, తీర్మానంగా రాసుకోండి. మొదటిది: తనిఖీ బల్ల మీద ఉన్న గాజు పలక, రైడ్ హైట్ గేజ్, కాంబర్ గేజ్, నాలుగు తూకపు యంత్రాలు రేసుకు ముందు అధికారుల కోసం మాత్రమే తెరుస్తున్నారు. ప్రాక్టీసు రోజుల్లోనూ అందరికీ తెరవండి. కుర్రవాళ్ళు ట్వీక్ చూసుకోవడానికి చదునైన బల్ల దొరక్క నేల మీద కూర్చుంటున్నారు. పక్కన ఒకరు నేర్పేవారు ఉండాలి, వారానికొకరం వంతులు వేసుకుందాం. మొదటి వారం నేను వస్తాను. రెండోది: ప్రతి ఫైనల్లో మొదటి ముగ్గురి సెటప్ షీటూ ఆ సాయంత్రమే గోడ మీద అంటించాలి. టైరు, ద్రవం, నేల వేడి, పరుగు తర్వాత మోటారు వేడి, ఈ నాలుగు గడులు నింపకపోతే బహుమతి ఇవ్వకూడదు.

అక్కడ ఎవరో గొణుగుతున్నారు. రహస్యాలు బయటపడతాయనా? మీ రహస్యం మీ బొటనవేలు, చూపుడువేలు. రిమోటు మీద వేగం ట్రిగ్గరు ఎప్పుడు వదలాలో షీటులో రాయలేరు, భయపడకండి.

కార్యదర్శిగారూ, ఓటింగు ఇప్పుడే పెట్టండి, భోజనాలయ్యాక ఎవరూ తిరిగి రారు. మొదటి ప్రతిపాదనకు అనుకూలురు చేతులు ఎత్తండి. వెనక వరుసలో ఉన్నవారు కూడా. ఆ చేతిలోని ట్రాన్స్‌మిటరు కిందపెట్టి ఎత్తండి బాబూ, లెక్క తప్పుతోంది.