లే పక్షీ అన్నది నేనే
(హైదరాబాద్‌లో మా కాలనీ గ్రంథాలయం నెలవారీ సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఫ్యాన్ కింద కుర్చీ దొరకని మిత్రులకు నమస్కారం. కార్యదర్శిగారు నాకిచ్చిన విషయం ‘తక్కువ ఖర్చుతో రెండు రోజుల యాత్ర’. టైమ్ పావుగంట. ఖర్చు సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. రాత్రి కాచిగూడలో రైలెక్కితే తెల్లవారుజామున హిందూపురంలో దిగుతారు. అక్కణ్ణుంచి లేపాక్షికి బస్సులున్నాయి, ఆటోలున్నాయి. అంతే. మేం మాత్రం మహా తెలివిగా వ్యాన్ మాట్లాడుకుని దాదాపు 480 కిలోమీటర్లు నడుములు విరగ్గొట్టుకుంటూ వెళ్లాం.

గన్‌ఫౌండ్రీ లేపాక్షి షోరూంలో కొండపల్లి బొమ్మలు కొన్నవాళ్లమే అందరం. ఆ పేరున్న ఊరు మాత్రం చిన్నది. చుట్టూ వేరుశనగ, రాగి, పట్టుపురుగుల కోసం మల్బరీ. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే ఎక్కువ అనుకునే నేల. ఆ నేల మీద అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు అంత గుడి కట్టించారు. ఊరి మొదట్లోనే ఒకే రాతిలో చెక్కిన నంది, 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు. మెడలో గంటల పట్టెడ చూస్తే ఇప్పుడే లేచి మోగిస్తుందేమో అనిపిస్తుంది.

గుళ్లో జనమంతా వేలాడే స్తంభం దగ్గరే. దాని కింద నుంచి తువ్వాలు ఇటు దూర్చి అటు లాగాలి, ఫోటో దిగాలి. మా వాళ్లు పన్నెండు మందీ వరసగా లాగారు. నేను రెండుసార్లు. అయ్యా, ఒక్కసారి తలెత్తండి! పైకప్పు నిండా బొమ్మలున్నాయి. కిరాతార్జునుల కథలో అడవిపంది ఉంది, ఆడవాళ్ల చీరల్లో ఏ రెండు అంచులూ ఒకేలా లేవు. మెడ నొప్పి పుట్టేదాకా చూడాల్సినవి అవి. మేం ఐదు నిమిషాలు చూశాం. తువ్వాలుకి ముప్పావుగంట.

సరే, అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు. రావణుడు రెక్కలు నరికితే జటాయువు ఇక్కడే పడ్డాడనీ, రాముడు వచ్చి ‘లే పక్షీ’ అన్నాడనీ, ఊరికి ఆ పేరు అలా వచ్చిందనీ చెబుతారు. ఆ మాట మనసులో పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

దగ్గర్లోనే, చిలమత్తూరు మండలంలో వీరాపురం ఉంది. అక్కడ ఇళ్ల మధ్య చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెడతాయి. పసుపు ముక్కు, తెల్లటి ఒళ్లు, తోక దగ్గర రోజా రంగు ఈకలు. ఏడాది మొదట్లో వచ్చి, పిల్లల్ని పెంచుకుని వెళ్లిపోతాయి. పేపర్లో ఏటా ‘సైబీరియా కొంగలు’ అని రాస్తారు. సైబీరియా ఏమిటండీ! అవి మన దేశం పక్షులే. చెరువులో నీళ్లుంటే ఇక్కడ, లేకపోతే ఇంకో చోట. మనకి ఏదైనా గొప్పగా కనిపిస్తే చాలు, బయటి నుంచి వచ్చిందనేస్తాం.

మేం వెళ్లింది ఏప్రిల్లో, మిట్టమధ్యాహ్నం. గూటికో కొంగ చొప్పున రెక్కలు సగం విప్పి కదలకుండా నిలబడి ఉన్నాయి. ఫోటో బాగా రావడం లేదు. ఎగిరితే బాగుంటుందని నేనే చెట్టు కింద నిలబడి గట్టిగా నాలుగు చప్పట్లు కొట్టాను. లేచాయి. దుప్పట్లు దులిపినట్టు చప్పుడు. పైనుంచి సగం అరిగిన చేప ఒకటి మా వ్యాన్ అద్దం మీద పడింది. అందరం నవ్వాం.

ఎదురింటి అరుగు మీద ఒక పెద్దావిడ సుత్తితో చింతపండులో గింజలు కొడుతోంది. తల ఎత్తకుండానే అంది: ‘ఏం సామీ, ఎండ తగలకుండా పిల్లలకు రెక్క అడ్డం పెట్టుకోనుంటే లేపితివే.’

అంతే అంది. మళ్లీ సుత్తి.

రాముడు లే అన్నది పడిపోయిన పక్షిని. నేను లేపింది నీడ పట్టి నిలబడ్డదాన్ని.

నెమ్మదిగా వెళ్లి అరుగు చివర కూర్చుని, ఆమె ఇంటి ముందు చెట్టుకి కాయ ఎందుకు దులపలేదని అడిగాను. మిగతా చెట్లన్నీ గెడలతో దులిపేశారు. ‘గూళ్లుండాయి కదా, ఎట్ల దులిపేది?’ అంది. అదీ లెక్క. కాయ దించే రోజులూ, గూళ్ల రోజులూ ఒకటే. హిందూపురం చింతపండు మార్కెట్‌కు పేరు. అక్కడ కరిపులి రకానికి ఏ ధర పలుకుతుందో ఆమెకు తెలుసు. తెలిసే వదిలేసుకుంటోంది. మనం ప్రేమ అంటాం, ఆమె అనలేదు.

కార్యదర్శిగారు వాచీ చూస్తున్నారు. రెండు నిమిషాలండీ.

మన ఊళ్లోనూ చింతచెట్టు కథ ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు ఇంకా ఉంది. ఇది గొప్పగా చెప్పుకుంటాం, నేనూ చెప్పుకుంటాను. మరి మన పార్కు పక్క చింతచెట్టు? పోయిన ఏడాది కార్ల మీద రెట్టలు పడుతున్నాయని కొట్టించాం. మీరంతా నన్ను అలా చూడకండి, నాకు తెలుసు. ఆ కాగితం మీద మూడో సంతకం నాదే.

అందుకని యాత్ర మళ్లీ పెడుతున్నాను. ఫిబ్రవరిలో, రైల్లోనే. పేర్లు గ్రంథాలయం రిజిస్టర్లో రాయండి. గుడికి ఒక పూట, తువ్వాళ్లు ఇంట్లోనే వదిలేయండి. వీరాపురంలో మైకు, హారన్, చప్పట్లు ఉండవు. చింతపండు మాత్రం అక్కడే, ఆ అరుగు మీదే కొందాం. బేరం ఆడేవాళ్లు దయచేసి పేరు ఇవ్వొద్దు.