మందపాటి నమూనా మీద నానో నిర్మాణం: ఏ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడల నుంచి వచ్చిన విద్యార్థులకు నమస్కారం.

మన బరంపురం పట్టు పోగు మీద వెండి నానో కణాలు అతికించారనుకోండి. లేదా ఛత్రపురం తీరపు ఇసుకలోని జిర్కాన్ రేణువు మీద సన్నటి గుంటలు చూడాలనుకోండి. ‘నానో’ అనగానే టెమ్ (ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) కావాలంటారు. టెమ్‌లో ఎలక్ట్రాన్లు నమూనాను దాటి అవతలికి రావాలి. అందుకు నమూనాను 100 నానోమీటర్లకు మించని మందానికి కోయాలి. ఇసుక రేణువును అలాగే పెడితే నల్లటి నీడే మిగులుతుంది.

చూడాల్సింది పైనే ఉంటే కోత అక్కర్లేదు. ఉపరితలాన్ని సన్నటి ఎలక్ట్రాన్ పుంజంతో తడిమి చూసే ఫీల్డ్ ఎమిషన్ సెమ్ (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) చాలు. అయితే ఎలక్ట్రాన్లను తోసే వోల్టేజీగా అందరూ అలవాటుగా పెట్టే 20 కిలోవోల్టులు ఇక్కడ పనికిరావు. సిలికాన్‌లో ఆ పుంజం దాదాపు 4.7 మైక్రాన్ల లోతుకు పోతుంది. లోపలి నుంచి వచ్చే సంకేతం పైనున్న సన్నటి వివరాన్ని కప్పేస్తుంది. 1 కిలోవోల్టు దగ్గర ఆ లోతు 30 నానోమీటర్లే. పైగా పట్టు, జిర్కాన్ విద్యుత్తును మోయవు. 1 కిలోవోల్టు దరిదాపుల్లో లోపలికి వెళ్ళే ఎలక్ట్రాన్లూ బయటికొచ్చేవీ ఇంచుమించు సరిపోతాయి కాబట్టి ఆవేశం పేరుకోదు. నమూనాను పూర్తిగా ఆరబెట్టండి, అంచును కార్బన్ పేస్టుతో స్టబ్‌కి (నమూనాను నిలిపే లోహపు దిమ్మెకి) కలపండి, లెన్సుకూ నమూనాకూ మధ్య దూరం 3, 4 మిల్లీమీటర్లకు తగ్గించండి, ఇన్‌లెన్స్ డిటెక్టర్ (లెన్సు లోపలే ఉండి ఎలక్ట్రాన్లను పట్టేది) వాడండి.

బంగారం పూత మందంగా వేయడం పెద్ద పొరపాటు. 10 నానోమీటర్ల పూతలోని బంగారు రేణువులే మీ కణాలుగా కనబడతాయి. పూత తప్పదనుకుంటే ప్లాటినం లేదా ఇరిడియం, 2 నానోమీటర్లు.

కనిపించినది వెండేనని తేల్చడానికి మాత్రం 1 కిలోవోల్టు చాలదు. వెండిని గుర్తుపట్టించే ఎక్స్-రే (ఎల్ రేఖ) 2.98 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటుంది. అది బలంగా రావాలంటే 5, 6 కిలోవోల్టులు పెట్టాలి. బొమ్మ ఒక వోల్టేజీలో, మూలకాల విశ్లేషణ ఇంకోదాంట్లో తీయడం తప్పు కాదు, అదే సరైన పద్ధతి.

పూత ఎంత లోతుకు దిగిందో, పరమాణువుల వరస ఎలా ఉందో కావాలంటే అప్పుడు టెమ్ కోసం పలుచని పలక కోయాలి; ఆ కోతకు ఫోకస్డ్ అయాన్ బీమ్ (గాలియం అయాన్ల సన్నటి పుంజం). ముందు ఎలక్ట్రాన్ పుంజంతోనే పలుచగా ప్లాటినం పొర వేయండి. నేరుగా గాలియం పుంజంతో మొదలెడితే చూడాల్సిన పైపొరే దెబ్బతింటుంది. 30 కిలోవోల్టుల గాలియం సిలికాన్ పక్కగోడల్లో సుమారు 20 నానోమీటర్ల మేర స్ఫటిక నిర్మాణాన్ని చెరిపేస్తుంది. 100 నానోమీటర్ల పలకకు రెండు వైపులా కలిపి ఎంతో లెక్కవేసుకోండి. అందుకే చివరి శుభ్రం 5, ఆ తరువాత 2 కిలోవోల్టులతో చేయాలి.