ఒక్క ఓటు, 22 నెలలు: స్వీడన్ వలసల గొడవలోకి నాటో ఎలా వచ్చింది?

[తెర మీద: స్వీడన్ పార్లమెంటులో ఓటింగ్ బోర్డు. 174 అనే అంకె మీదికి జూమ్.]

2021 నవంబరు 24. స్వీడన్ పార్లమెంటులో సభ్యులు 349 మంది. ప్రధాని పదవికి మగ్దలేనా ఆండర్సన్ పేరు ఓటింగ్‌కు వచ్చింది. వ్యతిరేకంగా 174 ఓట్లు పడ్డాయి. ఇంకొక్కటి పడి ఉంటే ఆమె ఓడిపోయేవారు. ఎందుకంటే అక్కడ ప్రధాని కావాలంటే సగం మందికి పైగా మద్దతు ఇవ్వనక్కర్లేదు, సగం మందికి పైగా వద్దనకుండా ఉంటే చాలు.

ఆ ఒక్క ఓటు వేయకుండా ఆగింది అమీనే కాకాబావే. కుర్దులంటే టర్కీ, సిరియా, ఇరాక్, ఇరాన్‌లలో చెదిరి ఉన్న, సొంత దేశం లేని జాతి. ఆమె ఇరాన్‌లోని కుర్దు ప్రాంతంలో పుట్టి, చిన్న వయసులోనే కుర్దు దళాల్లో తుపాకీ పట్టి, తర్వాత శరణార్థిగా స్వీడన్ చేరిన మనిషి. అప్పటికి ఏ పార్టీలోనూ లేరు. ఆమె ఊరికే ఆగలేదు. సిరియాలోని కుర్దుల పార్టీ పీవైడీతో సహకారం పెంచుకుంటామని ఆండర్సన్ పార్టీ చేత ఒప్పించుకున్నాకే ఆగారు.

అది ఇంటి రాజకీయం. సభలో సగం బలం లేని మైనారిటీ ప్రభుత్వాలు ఉన్న ప్రతి చోటా ఇలాంటి బేరాలు నడుస్తూనే ఉంటాయి. మూడు నెలలు తిరిగేసరికి రష్యా ఉక్రెయిన్ మీద పడింది. ఆ బేరం ధర ఎంతో అప్పుడు తెలిసొచ్చింది.

[తెర మీద: మ్యాప్. బాల్టిక్ సముద్రం, ఫిన్లాండ్, స్వీడన్, రష్యా.]

స్వీడన్ ఆఖరి యుద్ధం చేసింది 1814లో. ఆ తర్వాత రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చిపోయినా ఏ సైనిక కూటమిలోనూ చేరలేదు. అలాంటి దేశం 2022 మే 18న ఫిన్లాండ్‌తో కలిసి నాటోకి దరఖాస్తు పెట్టింది. నాటో ఒప్పందంలో ఐదో అధికరణం గురించి అందరికీ తెలుసు, ఒకరి మీద దాడి జరిగితే అందరి మీదా జరిగినట్టే. ఈ కథలో ముఖ్యం పదో అధికరణం. కొత్తవాళ్ళని చేర్చుకోవాలంటే ఉన్న సభ్యులంతా ఒప్పుకోవాలి. అప్పటికి 30 దేశాలు. అంటే 30 వీటోలు.

టర్కీ అధ్యక్షుడు ఎర్డోగాన్ తన వీటోని వెంటనే బయటికి తీశారు. స్కాండినేవియా దేశాలు ఉగ్రవాద సంస్థలకు అతిథి గృహాల్లా ఉన్నాయన్నది ఆయన ఆరోపణ. టర్కీ దృష్టిలో పీవైడీ అంటే పీకేకేకి ఇంకో పేరే. పీకేకే 1984 నుంచి టర్కీ ప్రభుత్వం మీద సాయుధ పోరాటం చేసిన కుర్దు సంస్థ. తమాషా ఏమిటంటే, టర్కీ తర్వాత పీకేకేని ఉగ్రవాద సంస్థ అన్న మొదటి దేశం స్వీడనే. ఆ మాట టర్కీ రాజధాని అంకారాలో ఎవరూ ఎత్తలేదు.

అదే జూన్‌లో స్వీడన్ న్యాయశాఖ మంత్రి మీద అవిశ్వాస తీర్మానం వచ్చింది. మళ్ళీ 174 ఓట్లే. మళ్ళీ కాకాబావే ఆగారు. ఒక పక్క టర్కీని బుజ్జగించాలి, ఇంకో పక్క కుర్దు సభ్యురాలిని నిలుపుకోవాలి. ప్రభుత్వం ఎంత టెన్షన్‌లో ఉండి ఉంటుందో ఊహించుకోండి.

[తెర మీద: 2015, స్టాక్‌హోమ్ సభ.]

అసలు స్వీడన్‌లో ఇంతమంది ప్రవాసులు ఎలా చేరారు? కొంచెం వెనక్కి వెళ్దాం. 2015 సెప్టెంబరులో అప్పటి ప్రధాని స్టెఫాన్ లోవెన్ స్టాక్‌హోమ్ సభలో, నా యూరప్ గోడలు కట్టదు అన్నారు. ఆ ఏడాది దాదాపు 1,63,000 మంది ఆశ్రయం కోరుతూ వచ్చారు. అప్పటికి దేశ జనాభా కోటికి కాస్త తక్కువ. నవంబరు 24న ప్రభుత్వం తలుపులు సగం మూసింది. ఆ నిర్ణయం ప్రకటిస్తూ ఉప ప్రధాని ఓసా రోమ్సన్ కెమెరాల ముందే ఏడ్చేశారు. పక్కనే లోవెన్ నిలబడి ఉన్నారు. సభలో ఆ మాట అని మూడు నెలలు కూడా కాలేదు.

ఇక డబ్బు సంగతి. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే అందరూ గజిబిజి చేసేది ఇక్కడే.

స్వీడన్‌లో చట్టం పెట్టిన కనీస వేతనం లేదు. యూనియన్లు, యాజమాన్యాలు కూర్చుని రంగాలవారీగా జీతాలు కుదుర్చుకుంటాయి. అందుకే అట్టడుగు జీతం కూడా మెరుగ్గానే ఉంటుంది. ఉద్యోగంలో ఉన్నవాడికి ఇది మేలు. భాష రాదు, సర్టిఫికెట్లు యుద్ధంలో పోయాయి, అలాంటి కొత్త మనిషికి మాత్రం అదే జీతం అడ్డుగోడ అవుతుంది. అంత జీతమిచ్చి పని నేర్పే యజమాని దొరకడు. పైగా పెద్దగా చదువు అక్కర్లేని ఉద్యోగాల వాటా యూరప్‌లో బాగా తక్కువగా ఉన్న దేశాల్లో స్వీడన్ ఒకటి. ఫలితం ఏమిటంటే, శరణార్థులు స్థిరమైన పనిలో కుదురుకోవడానికి ఏళ్ళకు ఏళ్ళు పట్టేది.

[తెర మీద: 74,000 క్రోనాలు.]

ఆర్థికవేత్త యోహాకిమ్ రూయిస్ట్ 2018లో ప్రభుత్వ నిపుణుల బృందం కోసం ఒక లెక్క కట్టారు. ఒక శరణార్థి మీద జీవితకాలం మొత్తంలో ప్రభుత్వానికి పడే నికర ఖర్చు సగటున ఏడాదికి, స్వీడన్ కరెన్సీలో, 74,000 క్రోనాలు. ఇది శరణార్థుల లెక్క, వలసదారులందరిదీ కాదు. ఉద్యోగం చేతిలో పట్టుకుని వచ్చినవాడి కథ వేరు. అతని చదువు ఖర్చు ఇంకో దేశం పెట్టింది, పన్ను స్వీడన్‌కి వస్తుంది. శరణార్థి ప్రాణం దక్కించుకోవడానికి వచ్చాడు, ఖజానాకి లాభం చేకూర్చడానికి కాదు. నన్నడిగితే ఈ అంకెను రెండు పక్షాలూ పాడుచేశాయి. ఒక పక్షం శరణార్థులు వస్తే దేశానికి లాభమేనని జనాన్ని నమ్మించబోయింది. ఇంకో పక్షం ఇదే అంకెను విదేశీ పేరున్న ప్రతివాడి నెత్తినా రుద్దింది.

రెండో పక్షం గెలిచింది. 2022 సెప్టెంబరు ఎన్నికల్లో వలసలను గట్టిగా వ్యతిరేకించే స్వీడన్ డెమొక్రాట్లు 20.5 శాతం ఓట్లతో రెండో పెద్ద పార్టీ అయ్యారు. వాళ్ళ మద్దతుతో ఉల్ఫ్ క్రిస్టెర్సన్ ప్రధాని అయ్యారు. ఐక్యరాజ్యసమితి ద్వారా ఏటా తీసుకునే శరణార్థుల కోటా 5,000 నుంచి 900కి పడిపోయింది.

కొత్త ప్రభుత్వానికి కాకాబావే ఓటుతో పని లేదు. నవంబరులోనే విదేశాంగ మంత్రి, పీవైడీకి దూరంగా ఉంటామని చెప్పేశారు. ఒక్క వాక్యంతో పాత బేరం చెత్తబుట్టలోకి. టర్కీకి అది చాలలేదు, మనుషులు కావాలి.

[తెర మీద: స్వీడన్ సుప్రీం కోర్టు భవనం.]

దరఖాస్తు పెట్టిన కొద్ది వారాలకే, 2022 జూన్ 28న, మాడ్రిడ్‌లో మూడు దేశాలు ఒక పత్రం మీద సంతకం చేశాయి. టర్కీ అడిగిన మనుషుల అప్పగింతను త్వరగా, క్షుణ్ణంగా పరిశీలిస్తామని అందులో ఉంది. పరిశీలిస్తామని మాత్రమే, అప్పగిస్తామని కాదు. ఎర్డోగాన్ అందులో రెండోది చదువుకున్నారు. క్రిస్టెర్సన్ అంకారా వెళ్ళినప్పుడు, విలేకరుల ముందే బులెంట్ కెనెష్ అనే జర్నలిస్టు పేరు చెప్పి అడిగారు. డిసెంబరులో స్వీడన్ సుప్రీం కోర్టు ఆ అప్పగింత కుదరదని తేల్చేసింది. ఆ మనిషికి శరణార్థి హోదా ఉంది, అక్కడికి పంపితే రాజకీయ వేధింపుల ప్రమాదం ఉంది. ప్రధాని ఎంత కావాలనుకున్నా కోర్టు కాదంటే అప్పగించలేరు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నచ్చిన ఘట్టం ఇదే.

అలాగని ఏమీ మారలేదనుకోకండి. ఉగ్రవాద సంస్థల విషయంలో సంఘాలు పెట్టుకునే స్వేచ్ఛకు హద్దులు పెట్టేందుకు వీలిచ్చే రాజ్యాంగ సవరణ 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. జూన్ 1 నుంచి ఉగ్రవాద సంస్థలో పాల్గొనడాన్నే నేరంగా చూసే చట్టం వచ్చింది. ఇవి పూర్తిగా టర్కీ కోసం పుట్టినవి కావు, 2017లో స్టాక్‌హోమ్‌లో లారీతో జరిగిన దాడి తర్వాతే ఈ చర్చ ఊపందుకుంది. కానీ జులై మొదటి వారంలో పీకేకేకి డబ్బు సమకూర్చబోయాడన్న నేరం మీద ఒక కుర్దు వ్యక్తికి నాలుగున్నరేళ్ళ జైలు పడింది. స్వీడన్‌లో అలాంటి తీర్పు అదే మొదటిది. కొద్ది రోజులకే విల్నియస్ నాటో సదస్సు. స్వీడన్ ఫైలును పార్లమెంటుకు పంపడానికి ఎర్డోగాన్ ఒప్పుకున్నది అక్కడే.

మధ్యలో ఖురాన్ దహనాల గొడవ ఒకటి. 2023 జనవరిలో టర్కీ రాయబార కార్యాలయం ముందు ఒకసారి, జూన్‌లో మసీదు ముందు ఇంకోసారి. రెండోసారి తగలబెట్టినవాడు ఇరాక్ నుంచి వచ్చిన శరణార్థే. అతని నివాస అనుమతి రద్దయినా, ఇరాక్‌లో ప్రాణహాని ఉందని వెనక్కి పంపలేకపోయారు. ఎవరిని రక్షించాలో ఎంచుకునే వెసులుబాటు ఆశ్రయ చట్టం ప్రభుత్వానికి ఇవ్వదు.

[తెర మీద: తేదీలు వరుసగా.]

చివరికి లెక్క ఎలా తేలిందో చూడండి. 2024 జనవరి 23న టర్కీ పార్లమెంటు 287-55తో ఆమోదించింది. మూడు రోజులకు అమెరికా ప్రభుత్వం టర్కీకి 2,300 కోట్ల డాలర్ల ఎఫ్-16 యుద్ధ విమానాల అమ్మకానికి పచ్చజెండా ఊపింది. ఆఖర్న మిగిలింది హంగరీ. స్వీడన్ నుంచి నాలుగు గ్రిపెన్ యుద్ధ విమానాలు కొనే ఒప్పందం కుదిరిన మూడు రోజులకు, ఫిబ్రవరి 26న, అది కూడా ఓటేసింది. ఫిన్లాండ్ 2023 ఏప్రిల్‌లోనే లోపలికి వెళ్ళింది, స్వీడన్ 2024 మార్చి 7న. రోజూ వినబడింది కుర్దుల పేరు, తాళం తీసిన వాటిలో విమానాలూ ఉన్నాయి.

ఈ యుద్ధం నుంచే పారిపోయి వచ్చిన ఉక్రెయిన్‌వాళ్ళ పరిస్థితి ఏమిటి? మొదటి ఏడాది దాదాపు 50,000 మంది వచ్చారు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకి రోజు భత్యం 71 క్రోనాలు. ఆ రేటు 1994లో పెట్టింది, అప్పటివరకూ మార్చలేదు. ఉక్రెయిన్‌కి ఆయుధాలు పంపడంలో చూపించిన హడావిడి ఇక్కడ కనబడలేదు.

పీకేకే 2025 మే 12న తనను తాను రద్దు చేసుకుంటున్నట్టు ప్రకటించింది. స్వీడన్‌లో ఆ రాజ్యాంగ సవరణ, 2023 జూన్ చట్టం అమల్లోనే ఉన్నాయి. వాటిని టర్కీ అడిగినా అడగకపోయినా, ఇకమీద వాడేది స్వీడన్ పోలీసులు.