ముందు మీటరు, తర్వాతే సోల్డరింగ్ ఐరన్

అధ్యాపకులకు, విద్యార్థులకు, షాపు పని పక్కనపెట్టి వచ్చిన టెక్నీషియన్ మిత్రులకు నమస్కారం.

ఎలక్ట్రానిక్ బోర్డు పాడైందనగానే సోల్డరింగ్ ఐరన్ వేడిచేయకండి, మల్టీమీటరు అందుకోండి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే. అనుమానం వచ్చిన ప్రతి పార్టునూ ఊడదీసి చూసే అలవాటు వల్ల, చిన్న లోపంతో వచ్చిన బోర్డులు కూడా ఇక బాగుచేయలేని స్థితికి వెళ్తున్నాయి. పార్టు అతికే రాగి ప్యాడ్ లేచిపోతుంది, కరెంటు వెళ్లే రాగి గీత, అదే ట్రాక్, తెగుతుంది. పొరల బోర్డయితే రంధ్రం లోపలి రాగి పూత పార్టు కాలుతో పాటే ఊడి వస్తుంది. పాత తగరం-సీసం సోల్డర్ 183 డిగ్రీల దగ్గర కరిగేది. ఇప్పుడు ఎక్కువగా వాడే తగరం-వెండి-రాగి మిశ్రమానికి 217 డిగ్రీలు దాటాలి. అంటే ఊడదీసిన ప్రతిసారీ బోర్డు పడే దెబ్బ కూడా పెరిగింది.

బోర్డు మీద ఉండగానే కొలిస్తే పక్క పార్టులు అడ్డొస్తాయి కదా అంటారు. నిజమే, అడ్డొస్తాయి. ఎలా అడ్డొస్తాయో తెలిస్తే ఆ కొలతే పనికొస్తుంది. ఒక రెసిస్టర్‌కు సమాంతరంగా ఎన్ని దారులున్నా మొత్తం నిరోధం తగ్గుతుందే తప్ప పెరగదు. 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ బోర్డు మీద 4 చూపిస్తే ఏమీ తేల్చలేం. 15 చూపిస్తే మాత్రం అది పోయినట్టే, ఊడదీసి రుజువు చూసుకోనక్కర్లేదు. అయితే పవర్ తీసేసి ఉండాలి, కెపాసిటర్లలో చార్జి మిగలకూడదు, ప్రోబులు తారుమారు చేసినా రీడింగ్ ఎక్కువగానే ఉండాలి.

చార్జి మాట వచ్చింది కాబట్టి ఇది గట్టిగా చెప్పాలి. మన ఇంటి 230 వోల్టుల ఏసీ కరెంటును రెక్టిఫై చేస్తే, అంటే డీసీగా మారిస్తే, పెద్ద కెపాసిటర్ మీద దాదాపు 325 వోల్టులు ఉంటాయి. ప్లగ్ తీసిన తర్వాత కూడా అవి నిలిచి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో రెండు కాళ్లూ కలిపి టప్‌మనిపించడం దయచేసి మానండి. తగిన వాటేజీ ఉన్న రెసిస్టర్‌తో ఖాళీ చేయండి. సున్నాకు వచ్చిందని మీటరులో చూశాకే చెయ్యి పెట్టండి.

ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ పోయేది ఎక్కువగా వేడి వల్ల. లోపలి ద్రవం ఎండేకొద్దీ అంతర్గత నిరోధం, అదే ఇ.ఎస్.ఆర్., పెరుగుతుంది. పైకి ఉబ్బు కనబడకపోవచ్చు. మైక్రోఫారడ్లు కొలిచినా ఒక్కోసారి బాగానే ఉన్నట్టు వస్తుంది. ఇక్కడే ఇ.ఎస్.ఆర్. మీటరు అక్కరకొస్తుంది. అది సాధారణంగా 100 కిలోహెర్ట్జ్ దగ్గర, 0.1, 0.2 వోల్టుకు మించని సంకేతంతో కొలుస్తుంది. సిలికాన్ జంక్షన్ తెరుచుకోవాలంటే 0.6 వోల్టు దాకా కావాలి. కనుక చుట్టూ ఉన్న డయోడ్లు, ట్రాన్సిస్టర్లు కదలకుండా ఉండిపోతాయి. ఈ ఆలోచన చేసినవాళ్ల తెలివికి నేను ఇప్పటికీ ముచ్చటపడతాను. కానీ షార్టయిన కెపాసిటర్ కూడా అదే మీటరులో చాలా మంచిదిగా కనిపిస్తుంది. దాన్ని మల్టీమీటరులో నిరోధం కొలిచే ఓమ్స్ మోడ్‌లో విడిగా చూసుకోవాలి. రెండు కెపాసిటర్లు సమాంతరంగా ఉంటే మంచిది చెడ్డదాన్ని దాచేస్తుందని కూడా గుర్తుంచుకోండి.

3.3 వోల్టుల లైను గ్రౌండ్‌కు షార్టయిందనుకోండి. దాని మీద పదుల సంఖ్యలో చిన్న సిరామిక్ కెపాసిటర్లు ఉంటాయి. అన్నీ పీకుతూ కూర్చోవద్దు. బెంచ్ సప్లైలో కరెంటుకు హద్దు పెట్టి, ఒక్క వోల్టు ఆ లైనులోకి ఇవ్వండి. షార్టయిన పార్టు వేడెక్కుతుంది. థర్మల్ కెమెరా లేకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పూయండి, ముందుగా ఆరిన చోటు చూడండి. అది మండే ద్రవం, పక్కన వేడి ఐరన్ గానీ మంట గానీ ఉండకూడదు. థర్మల్ కెమెరా వాడేవాళ్లు మెరిసే లోహం ఉష్ణోగ్రతను నమ్మకండి, అది ఉన్నదానికంటే చల్లగా కనిపిస్తుంది.

చిప్ కింద సోల్డర్ గోళీలుండే బీజీఏ విషయంలో ప్రోబు పెట్టడానికి చోటే ఉండదు. ఎక్స్‌రేలో షార్టులు, లోపలి బుడగలు తెలుస్తాయి. సరిగా అతకని జాయింట్ మాత్రం నిట్టనిలువుగా చూస్తే మంచిదానిలాగే కనిపించొచ్చు, ఏటవాలుగా చూడాలి. ఆ యంత్రం చిన్న షాపులు కొనగలిగేది కాదు. విద్యార్థులు తెలుసుకోవాల్సింది మరొకటుంది. మీరు ల్యాబ్‌లో ప్రోగ్రామ్ ఎక్కించడానికి వాడే జేటాగ్ అసలు బోర్డు మీది జాయింట్లను పరీక్షించడానికే పుట్టింది. 1990లో ఇంజనీర్ల సంస్థ ఐ.ఇ.ఇ.ఇ. వారి 1149.1 ప్రమాణంగా వచ్చింది. ఒక చిప్ కాలు మీద 1 అనే డిజిటల్ సంకేతం పెట్టి, అవతలి చిప్ కాలు దగ్గర చదవడం అందులోని పద్ధతి. 1 చేరకపోతే దారిలో ఎక్కడో తెగిందనో, షార్టయిందనో తెలుస్తుంది. ప్రోబు తాకకుండానే!

షాపు మిత్రులు ఒక పని చేయండి. బాగైన బోర్డు కస్టమర్‌కు ఇచ్చేముందు, పవర్ లేకుండా మల్టీమీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టి, ఎర్ర ప్రోబు గ్రౌండ్‌కు ఆనించి, నల్లదానితో కనెక్టర్ పిన్నులన్నీ ఒక్కొక్కటిగా తాకి రీడింగులు మోడల్ పేరుతో రాసిపెట్టుకోండి. మళ్లీ అదే మోడల్ చెడిపోయి వస్తే తేడా ఏ పిన్ను దగ్గర ఉందో చూడండి, అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఈ టేబుల్ మీద ఒకే రకం బోర్డులు రెండున్నాయి, ఒకటి పనిచేస్తుంది, రెండోది చెయ్యదు. మీటరు తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి, ఆ తేడా మీరే పట్టుకోండి.