మాట మీద నొక్కితే గొంతు వినిపిస్తుంది: ఆడియోను రాతగా మార్చే ఏఐ యాప్ రివ్యూ

నమస్కారం. ముందే చెబుతున్నాను, ఈ యాప్ సబ్‌స్క్రిప్షన్‌ను కంపెనీ వాళ్లే నాకు ఉచితంగా ఇచ్చారు. ఈ వీడియోలో ఏం మాట్లాడబోతున్నానో మాత్రం వాళ్లకు చెప్పలేదు. చెప్పి ఉంటే రెండో సగం విని ఊరుకునేవారు కాదు! ఎన్ని భాషలు, ఎంత నిడివి, ఏయే ఫార్మాట్లు అన్నవి మీరు ఇప్పటికే చూసి ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను.

ఇదిగో, తెర మీద చూడండి. రాతలో ఏ మాట మీద నొక్కినా రికార్డింగ్ సరిగ్గా అక్కడి నుంచే మొదలవుతుంది. ఈ ఇంటర్వ్యూలో ఆయన పదిహేను అన్నారా, పదిహేడు అన్నారా? నొక్కాను, విన్నాను, దిద్దాను. అంతే. ఇంతకుముందు నేను వాడిన సాఫ్ట్‌వేర్‌లో రాత ఒకచోట, ఆడియో మరోచోట ఉండేవి. ముందుకూ వెనక్కూ లాగి లాగి ఆ ముక్క పట్టుకునేసరికి దేనికోసం వెతుకుతున్నానో మరచిపోయేవాణ్ణి. అంతకన్నా ముందు కాలితో తొక్కే పెడల్ ఉన్న టేపు యంత్రం మీద పనిచేశాను. కాలు తీస్తే టేపు ఆగేది, మళ్లీ తొక్కితే కాస్త వెనక్కి జరిగి మొదలయ్యేది. ఆ సుఖం మళ్లీ ఇన్నాళ్లకు దొరికింది.

ఇక నా చిరాకు సంగతి. ఇదే రికార్డింగ్‌లో ఒకచోట ఆయన ఆలోచనలో పడి కాసేపు మాట్లాడలేదు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. యాప్ అక్కడ ఏం రాసిందో చదువుతాను: ‘మా ఛానల్‌ను సబ్‌స్క్రైబ్ చేసుకోండి.’ ఎవరన్నారండీ ఈ మాట?

ఈ జబ్బు ఈ యాప్ ఒక్కదానిదే కాదు. 2022లో ఓపెన్ఏఐ విడుదల చేసిన, ఆడియోను రాతగా మార్చే సాఫ్ట్‌వేర్ విస్పర్‌కు ఇంటర్నెట్ నుంచి సేకరించిన 6,80,000 గంటల ఆడియోతో శిక్షణ ఇచ్చారు. అది ఆడియోను 30 సెకన్ల ముక్కలుగా తీసుకుని, తరువాత ఏ మాట రావచ్చో అంచనా వేస్తూ రాస్తుంది. వినడానికి ఏమీ లేనప్పుడు కూడా ఆ అంచనా ఆగకపోవచ్చు. దాని మీద 2024లో వచ్చిన ఒక పరిశోధనలో సుమారు 1 శాతం రికార్డింగుల రాతలో ఎవరూ అనని వాక్యాలు కనిపించాయి. 1 శాతమే కదా అనకండి. తప్పుగా విన్న మాట వాక్యంలో పంటి కింద రాయిలా తగులుతుంది. కల్పించిన వాక్యం మాత్రం వ్యాకరణంతో సహా చక్కగా ఉంటుంది, కళ్లు దాని మీదుగా జారిపోతాయి. నాకు నొక్కి వినే సౌకర్యం అంతగా నచ్చడానికి కారణం కూడా ఇదే.

ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాట ఎవరి ఖాతాలో పడుతుందో చెప్పలేం. కామాలు, చుక్కలు ఫరవాలేదు.

గడువు ముగిశాక సొంత డబ్బుతో కొంటానా? కొంటాను. కోర్టు వాంగ్మూలాలు, రోగులతో డాక్టర్ల సంభాషణలు రాయించుకునే వారు మాత్రం మొత్తం విని సరిచూసే తీరిక ఉంటేనే తీసుకోండి. పైగా ఆడియో వాళ్ల సర్వర్‌కు వెళుతుంది. బయటికి పోకూడని రికార్డింగ్ అయితే విస్పర్‌నే మీ కంప్యూటర్‌లో పెట్టుకోండి, అది ఉచితం.

అన్నట్టు, మాటల్లేని చోట్లను ముందే వదిలేసే ఏర్పాటు ఈ యాప్‌లోనూ ఉంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అడ్వాన్స్‌డ్ తెరిచి, అట్టడుగుకు రండి. అక్కడ ఆఫ్‌లో పెట్టి దాచారు!